రాత్రి తాగింది తెల్లారినా దిగదు: పండగ రోజుల్లో మందు, బండి, మన తప్పుడు లెక్కలు

డిసెంబరు 31 రాత్రి మొదలుకొని ముక్కనుమ దాకా, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో నలుగురు మగవాళ్లు చేరిన చోటల్లా ఒక ప్రశ్న వినిపిస్తుంది. "ఎంతవరకు వేసుకుంటే బండి తోలొచ్చు?" దీనికి ప్రతి ఊళ్లోనూ ఎవరి జవాబు వారి దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఒక్క పెగ్గయితే ఏమీ కాదంటారు ఒకరు. బీరు అసలు లెక్కలోకే రాదంటారు ఇంకొకరు. రెండు గంటలాగి పెరుగన్నం తింటే మొత్తం దిగిపోతుందని మరొకరు భరోసా ఇస్తారు. ఈ మూడూ తప్పే. పైగా చాలా ధైర్యంగా చెప్పే తప్పులు కావడంతో, కొత్తగా తాగడం మొదలుపెట్టిన కుర్రవాళ్లు వాటినే చట్టం అనుకుంటారు, వైద్యం అనుకుంటారు.

అసలు లెక్క ఏమిటో, అది ఎందుకు మన అంచనాకు అందదో ఒకసారి నిదానంగా చూద్దాం.

ఒక్క పెగ్గు ఎంత?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షన్ ఒక గీత గీసింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉన్న మనిషి బండి నడిపినా, నడపబోయినా నేరమే. స్కూటీకి ఒక గీత, లారీకి ఒక గీత లేదు. ఆటో, ట్రాక్టర్, కారు, బుల్లెట్ అన్నిటికీ ఇదే.

30 మిల్లీగ్రాములంటే ఎంత తాగినట్టు? మన షాపుల్లో దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 60 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 20 గ్రాములు అసలు ఆల్కహాలే. అది ఒంట్లో ఉన్న నీటి భాగమంతటా కలుస్తుంది. 65 కిలోల బరువున్న మగమనిషికి, స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ 1930ల్లో ఇచ్చిన సూత్రంతో లెక్క కడితే, రక్తంలో స్థాయి సుమారు 45 మిల్లీగ్రాములకు చేరుతుంది. అంటే ఒక్క పెద్ద పెగ్గుతోనే గీత దాటేశాడు. అదే పెగ్గు ఆడవాళ్లు తాగితే స్థాయి ఇంకా పైకి పోతుంది, ఎందుకంటే అంతే బరువున్నా వాళ్ల ఒంట్లో నీటి పాలు తక్కువ.

ఇక "బీరే కదా" అనే మాట. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో ఆల్కహాల్ 8 శాతం వరకు ఉండొచ్చు. ఆ సీసాలో సుమారు 40 గ్రాముల ఆల్కహాల్ ఉన్నట్టు. రెండు పెద్ద పెగ్గులకు సమానం. పైన చెప్పిన మనిషే ఒక్క స్ట్రాంగ్ బీరు గబగబా తాగితే 90 దగ్గరికి పోతాడు, చట్టం గీతకు మూడు రెట్లు. కల్లు సంగతి ఇంకా చిక్కు. పొద్దున దించినది పొద్దుటిలా ఉండదు, పులిసేకొద్దీ మత్తు పెరుగుతుంది. సాయంత్రం తాగేవాడికి తను ఎంత ఆల్కహాల్ తాగుతున్నాడో చెప్పే చీటీ ఏదీ ఆ ముంత మీద ఉండదు.

ఇవన్నీ కొలిచి పోసుకున్నప్పటి లెక్కలు. కనుమ నాడు మామిడి చెట్టు కింద మంచాలు వేసుకుని కూర్చున్నప్పుడు ఎవరూ కొలవరు. స్టీలు గ్లాసులో చేతికొచ్చినంత పడుతుంది. "ఒకటే వేశాను" అని ఆ మనిషి చెప్పేది అబద్ధం కాకపోవచ్చు. ఒక గ్లాసే తాగి ఉంటాడు. కానీ ఆ గ్లాసులో ఒకటిన్నర పెగ్గుందో రెండున్నర ఉందో అతనికీ తెలియదు, పోసినవాడికీ తెలియదు.

దిగడం ఎంతసేపు?

ఎక్కువ ప్రమాదకరమైన అపోహ తాగిన మోతాదు గురించి కాదు, తాగిన తర్వాత గడిచే గంటల గురించి.

నోట్లో పడిన మందు అక్కడికక్కడే రక్తంలో కలవదు. కొంత కడుపులోంచి, ఎక్కువ భాగం చిన్నపేగులోంచి లోపలికి పోతుంది. ఖాళీ కడుపుతో తాగితే అరగంట నుంచి గంట లోపు రక్తంలో స్థాయి శిఖరానికి చేరుతుంది. తింటూ తాగితే ఆ శిఖరం కాస్త తగ్గుతుంది నిజమే, కానీ ఆలస్యమవుతుంది కూడా. అందుకే ఒక విచిత్రం జరుగుతుంది. ఆఖరి గుక్క తాగి, నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని "బాగానే ఉన్నాను" అనుకుని బయల్దేరిన మనిషికి అప్పటికి నిజంగానే అంత మత్తు తెలియదు. చంద్రగిరిలో బండెక్కినప్పుడు ఉన్న స్థాయి వేరు, ఇరవై నిమిషాల తర్వాత ఘాట్ మలుపులో ఉన్నప్పటి స్థాయి వేరు. రోడ్డు మీద ఉండగానే మందు పైకి ఎక్కుతూ ఉంటుంది.

ఎక్కినదాన్ని దింపే పని దాదాపు మొత్తం కాలేయానిదే. కాలేయానికి తొందర తెలియదు. చాలామందిలో అది గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తుంది. కొందరిలో 10, కొందరిలో 20. అంతకుమించి దాన్ని పరిగెత్తించే మార్గం మన చేతిలో లేదు. చిక్కటి ఫిల్టర్ కాఫీ నిద్రమత్తును కాసేపు వాయిదా వేస్తుంది, ఆల్కహాల్‌ను ఒక్క చుక్క కూడా తగ్గించదు. నిజానికి కాఫీ ఇంకో చెడు చేస్తుంది: మత్తులో ఉన్నవాడికి తాను మెలకువగా ఉన్నానన్న ధైర్యం ఇస్తుంది. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ, చన్నీళ్ల స్నానం, వాంతి, కిళ్లీ, అన్నీ అంతే. వాంతి చేసుకుంటే ఇంకా కడుపులోనే ఉన్నది బయటికి రావచ్చు. అప్పటికే రక్తంలో కలిసింది రాదు. నిద్ర కూడా కాలేయాన్ని తొందరపెట్టదు. నిద్రలో గడిచేది కాలమే.

ఇప్పుడు లెక్క కడదాం. అదే 65 కిలోల మనిషి డిసెంబరు 31 రాత్రి పది గంటలకు మొదలుపెట్టి, కొత్త సంవత్సరం వచ్చేసరికి ఒక క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లు, ముగించాడు. సగటు వేగంతో దిగినా అతను 30 దిగువకు వచ్చేది తెల్లవారుజామున ఐదింటికి. పూర్తిగా సున్నా అయ్యేది ఏడింటికి. ఒకటిన్నర క్వార్టర్ తాగితే 30కి దిగడానికి పొద్దున పది దగ్గర పడుతుంది. రెండు క్వార్టర్లు తాగినవాడు మర్నాడు మధ్యాహ్నం రెండు దాకా చట్టం ముందు తాగి నడుపుతున్నవాడే. మధ్యలో ఆరేడు గంటలు నిద్రపోయి ఉంటాడు. పళ్లు తోముకుని, స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని గుడికి బయల్దేరి ఉంటాడు. అయినా అంతే.

ఈ లెక్కను ఎవరూ ముందుగా ప్లాన్ వేసుకోవడానికి వాడుకోకూడదు. ఇది సగటు. బక్కగా ఉన్నవాళ్లకు, కాలేయం దెబ్బతిన్నవాళ్లకు అంకెలు ఇంకా చెడ్డగా ఉంటాయి. నేను దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఒకటే: మన పండగల్లో అసలు ప్రయాణాలు ఉదయం జరుగుతాయి. భోగి రాత్రి మేలుకుని సంక్రాంతి పొద్దున అత్తగారింటికి. కనుమ నాడు పశువుల పండగ చూడ్డానికి చంద్రగిరి దగ్గర ఎ.రంగంపేటకు. ముక్కనుమ తెల్లవారుజామున సెలవు అయిపోయిందని కారేసుకుని బెంగళూరుకో చెన్నైకో. "రాత్రి తాగాను గానీ, ఇప్పుడు తాగలేదు కదా" అని నమ్మకంగా స్టీరింగ్ పట్టుకునేది ఈ ప్రయాణాల్లోనే.

దీనికి నిద్ర లెక్క కూడా తోడవుతుంది. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. చుక్క ముట్టనివాడికే ఈ సంగతి. కాబట్టి "మా బామ్మర్ది తాగడు, వాడే తోలతాడు" అన్నది సగం జవాబే. భోగి మంటల కోసం మూడింటికి లేచి, పగలంతా చుట్టాలతో తిరిగి, రాత్రి పదకొండుకు బెంగళూరు బయల్దేరితే ఆ బామ్మర్ది కూడా ప్రమాదంలోనే ఉన్నాడు.

మన రోడ్లు

మత్తు ముందుగా కాళ్ల మీద పనిచేయదు. ముందు దెబ్బతినేది తూచి నిర్ణయం తీసుకునే శక్తి. ఆ తర్వాత ఒకేసారి రెండు మూడు విషయాల మీద దృష్టి పెట్టడం, ఎదురు లైటు కళ్లలో పడ్డాక చూపు మళ్లీ కుదుటపడటం, బ్రేకు మీద కాలు పడే వేగం. తూలడం, మాట తడబడటం బాగా తర్వాత వస్తాయి. మనం మాత్రం "వాడు తూలడం లేదు కదా, తోలగలడు" అంటాం. తూలేదాకా ఆగితే ఎప్పుడో ఆలస్యమైపోయింది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు వేయడం అర సెకను ఆలస్యమైనా ఎనిమిది మీటర్లు అదనంగా దూసుకుపోతుంది. జనవరిలో చిత్తూరు పక్క రోడ్ల మీద చెరుకు ట్రాక్టర్లు పోతుంటాయి. చాలావాటికి వెనక లైటు ఉండదు, చెరుకు గడలు రెండు పక్కలా బయటికి వచ్చి ఉంటాయి. పుత్తూరు, రేణిగుంట వైపు నుంచి కొండకు కాలినడకన వచ్చే భక్తులు చీకట్లో రోడ్డు అంచు పట్టుకుని నడుస్తుంటారు. పలమనేరు దారిలో మొగిలి ఘాట్, పీలేరు దారిలో భాకరాపేట ఘాట్ ఒళ్లు దగ్గర పెట్టుకుని తోలేవాళ్లనే పరీక్షిస్తాయి. ఇక్కడ ఎనిమిది మీటర్లంటే ఒక ప్రాణం.

రోజూ తాగేవాళ్లు చెప్పే మాట ఒకటుంది: "నాకు అంత తొందరగా ఎక్కదు." అలవాటైన ఒళ్లు మత్తును దాచుకోవడం నేర్చుకుంటుంది, మాట, నడక తేడా లేకుండా ఉంటాయి. ఊహించని క్షణంలో బర్రె అడ్డం వస్తే చేసే పని మాత్రం అలవాటుతో బాగుపడదు. జలుబుకో అలర్జీకో మత్తు కలిగించే మాత్ర వేసుకుని ఉంటే, రెండూ కలిసి ఇంకా లోతుకు లాగుతాయి.

ఊదేటప్పుడు ఏం జరుగుతుంది

బ్రెత్ ఎనలైజర్ వాసన పట్టే యంత్రం కాదు. ఏలకులు నమిలినా, కిళ్లీ వేసినా దానికి సంబంధం లేదు. రక్తంలో ఉన్న ఆల్కహాల్ ఊపిరితిత్తుల దగ్గర గాలిలోకి వస్తుంది. ఆ గాలి సెన్సర్ మీద పడినప్పుడు రసాయన చర్య జరిగి చిన్న కరెంటు పుడుతుంది, ఎంత ఆల్కహాల్ ఉంటే అంత కరెంటు. సాధారణంగా 2100 భాగాల ఊపిరిలో ఉన్న ఆల్కహాల్, ఒక భాగం రక్తంలో ఉన్నదానితో సమానమన్న లెక్కతో యంత్రం అంకె చూపిస్తుంది.

మౌత్‌వాష్, టింక్చర్ ఉన్న దగ్గు మందు అప్పుడే తీసుకుని ఉంటే నోట్లో మిగిలిన ఆల్కహాల్ వల్ల అంకె పెరగొచ్చు. అలాంటప్పుడు పదిహేను నిమిషాలాగి మళ్లీ ఊదుతామని మర్యాదగా అడగాలి. నోట్లోది పోతుంది, రక్తంలోది పోదు కాబట్టి నిజం బయటపడుతుంది. అసలు ఊదనని మొండికేస్తే లాభం లేదు. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, సరైన కారణం లేకుండా నిరాకరించడాన్ని కోర్టు అతనికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు. అలాగే పోలీసులకూ ఒక బాధ్యత ఉంది. తాగి నడిపాడని 202వ సెక్షన్ కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష చేయించాలి, లేదంటే కస్టడీలోంచి వదలాలి.

శిక్ష విషయంలో పాత జ్ఞాపకాలతో ఉన్నవాళ్లు చాలామంది. రెండు వేలు కట్టి వచ్చేయొచ్చనుకుంటారు. 2019 సవరణ తర్వాత, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి, మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. రెండోసారికి రెండేళ్ల వరకు జైలు లేదా పదిహేను వేల జరిమానా, లేదా రెండూ. హెల్మెట్ చలానాలాగా రోడ్డు మీదే కట్టి పోయే వీలు లేదు, కోర్టుకు వెళ్లాల్సిందే. లైసెన్సును పోలీసులు తీసుకుని సస్పెన్షన్ కోసం రవాణా శాఖకు పంపొచ్చు. ట్యాక్సీ, లారీ తోలి బతికేవాడికి పది వేల జరిమానా కంటే లైసెన్సు లేని నెలలే పెద్ద దెబ్బ. ఉద్యోగాల కోసం తిరిగే కుర్రవాడికి కోర్టు కేసు ఎప్పటికైనా అడ్డం రావొచ్చు.

ఎవరైనా చనిపోతే కథ పూర్తిగా మారుతుంది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష. తాగి తోలితే ప్రాణాలు పోవచ్చని తెలిసీ తోలాడని కోర్టు భావిస్తే, హత్య కిందికి రాని నరహత్యగా 105వ సెక్షన్‌లో పదేళ్ల వరకు పడొచ్చు. దీనికి ముందున్న ఐపీసీ అమల్లో ఉన్న రోజుల్లోనే, 2012లో సుప్రీంకోర్టు, ముంబైలో పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్న కూలీల మీదికి కారు పోనిచ్చిన కేసులో ఇదే తరహా నరహత్య శిక్షను ఖాయం చేసింది.

ఇన్సూరెన్సు గురించి మనవాళ్లు దాదాపుగా ఆలోచించరు. ఫుల్ ఇన్సూరెన్సు ఉంది, టెన్షన్ లేదనుకుంటారు. తాగి నడిపినప్పుడు జరిగిన నష్టానికి సొంత బండి క్లెయిమును కంపెనీ తిరస్కరించొచ్చు. బ్రెత్ టెస్టో రక్తపరీక్షో జరగలేదు కాబట్టి తప్పించుకోవచ్చన్న ఆశకూ 2021లో సుప్రీంకోర్టు తెర దించింది. మిగతా ఆధారాలను బట్టి డ్రైవరు మత్తులో ఉన్నాడని తేలితే క్లెయిము ఇవ్వనక్కర్లేదని చెప్పింది. అవతలివాళ్లకు ఇవ్వాల్సిన పరిహారంలోనూ, తాగి నడపడాన్ని కంపెనీ తన రక్షణ వాదనగా వాడుకునే అవకాశాన్ని 2019 సవరణ ఇచ్చింది. బాధితుల కోసం కంపెనీ ముందు చెల్లించి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన కేసులు ఎన్నో. అంటే ఒక రాత్రి తాగి తోలినందుకు పొలం అమ్మాల్సి రావొచ్చు.

తాళం ఎవరి దగ్గర?

ఇంతవరకు చెప్పిందంతా కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. తాగాక బండి తోలాలా వద్దా అని తేల్చాల్సిన బుద్ధే తాగగానే ముందుగా మసకబారుతుంది. కాబట్టి ఆ నిర్ణయం తాగాక తీసుకునేది కాదు. మూత తీయకముందే అయిపోవాలి. అప్పుడు మనిషి పూర్తి తెలివిలో ఉంటాడు, సరైన మాటే చెబుతాడు, తాళం ఇవ్వమంటే ఇస్తాడు కూడా. రెండు గ్లాసుల తర్వాత అదే తాళం అడిగితే మొగతనాన్ని ప్రశ్నించినట్టు మండిపడతాడు.

నాకు అన్నిటికంటే బాధగా ఉండేది వెనక సీటు. కనుమ విందు అయిపోయాక రాత్రి తొమ్మిదింటికి పల్లెలో బస్సు ఉండదు, ఆటో దొరకదు. మొగుడు తాగాడని భార్యకు తెలుసు. పుట్టింటి వాళ్ల ముందు అంటే పరువు పోతుందని, పండగపూట గొడవెందుకని నోరు మూసుకుని, చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని వెనకాల కూర్చుంటుంది. పెద్ద పిల్లాడు ముందు ట్యాంకు మీద. చుట్టూ ఉన్న పెద్దలందరికీ విషయం తెలుసు. "జాగ్రత్తగా పోండి" అని గేటు దాకా వచ్చి చెయ్యూపుతారు. ఆ నిమిషంలో అక్కడ నిలబడ్డ ప్రతి ఒక్కరికీ ఆపే శక్తి ఉంది. తాగిన మనిషి ఒక్కడికే లేదు. తాగినవాడి తప్పు తాగినవాడిదే, అందులో సందేహం లేదు. కానీ పోసింది ఎవరు, "ఇంకొకటి వేసుకో అల్లుడూ" అని బలవంతం చేసింది ఎవరు, పడుకోవడానికి మంచం ఉండి కూడా పంపించేసింది ఎవరు? తాగి నడపమని ప్రోత్సహించినవాళ్లకు కూడా అదే శిక్ష వేయొచ్చని మోటారు వాహనాల చట్టంలో 188వ సెక్షన్ ఉంది. యజమాని తాగిన డ్రైవరును "ఏం కాదులే, పోనీ" అని పంపినా అది గుర్తుంచుకోవాల్సిన సెక్షనే.

అందుకని విందు పెట్టే ఇంట్లో మందు ఉంటుందని తెలిస్తే, వచ్చినవాళ్ల బండి తాళాలు రాగానే ఒక డబ్బాలో వేసి, తాగని పెద్దావిడ దగ్గర పెట్టేయడం మంచి పద్ధతి. అందరివీ తీసుకుంటే ఎవరికీ అవమానం ఉండదు. రాత్రికి ఉండిపోవడానికి ఇంకో రెండు చాపలు, దుప్పట్లు ముందే తీసి పెట్టాలి. "ఇప్పుడెందుకు బావా, ఇక్కడే పడుకో, పొద్దున దోసెలు తినేసి పోదువులే" అన్న మాట చేసే మేలు ఏ ఉపన్యాసమూ చేయదు. పొద్దున కూడా తొందరపెట్టొద్దు, పైన చెప్పిన గంటల లెక్క గుర్తుంది కదా. తిరుగు ప్రయాణం తప్పనిసరైతే ఊళ్లో తాగని ఆటో అతనికి మధ్యాహ్నమే చెప్పి, డబ్బులు మాట్లాడుకుని ఉంచాలి. పండగ రాత్రి అప్పటికప్పుడు వెతికితే దొరికే ఆటో అతను కూడా తాగి ఉండొచ్చు. తిరుపతి, చిత్తూరు టౌన్లలో ఉన్నవాళ్లకు క్యాబ్ ఉంది. బెంగళూరు, చెన్నైలకు ఆర్టీసీ బస్సులు ఉన్నాయి, పండగకు అదనంగా కూడా వేస్తారు. ముక్కనుమ టికెట్టు ముందే తీసుకుంటే కారు ప్రశ్నే రాదు.

ఇప్పటికే తాగి బండి దగ్గరికి పోతున్న మనిషిని ఆపాల్సి వస్తే, నలుగురిలో "నువ్వు తాగావు, తోలలేవు" అనకండి. వాదన పెరుగుతుంది, తాళం ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. పక్కకు పిలిచి వేరే పని చెప్పాలి. "అన్నా, ఆ బండి ఒకసారి ఇయ్యి, పాల ప్యాకెట్లు తెచ్చేది ఉంది" అంటే చాలామంది ఇచ్చేస్తారు. తీసుకున్న బండి ఇంక తిరిగి రాదు. అతను మాట వినే మనిషి ఎవరో, అమ్మో, పెద్దన్నో, చిన్న కూతురో, వాళ్లను ముందుకు పంపాలి. ఏదీ కుదరకపోతే 112కు ఫోను చేయడం కూడా ద్రోహం కాదు. మర్నాడు అతను తిట్టొచ్చు. తిట్టడానికి అతను ఉంటాడు.

ఒక పని మాత్రం అస్సలు చేయొద్దు. పెద్దవాళ్లందరూ తాగారని, తాగనివాడు వాడొక్కడే అని పదో తరగతి పిల్లాడి చేతికి బండి ఇవ్వడం. పల్లెల్లో ఇది మామూలైపోయింది, పైగా జాగ్రత్త తీసుకున్నామన్న తృప్తితో చేస్తారు. మైనరు బండి నడుపుతూ నేరం చేస్తే 199ఎ సెక్షన్ కింద తండ్రి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. చట్టం సంగతి పక్కన పెట్టినా, లైసెన్సు లేని, చీకట్లో హైవే ఎప్పుడూ చూడని పిల్లాడి భుజాన నలుగురి ప్రాణాలు పెట్టడం ఏ విధంగానూ జాగ్రత్త కాదు.

ఇన్ని చేసినా రోడ్డు మీద ఎవరో పడి ఉండటం మీ కంట పడొచ్చు. ఆగండి. 108కి ఫోను చేయండి, జాతీయ రహదారి మీదైతే 1033 కూడా పనిచేస్తుంది. పోలీసులు తిప్పుతారని భయపడాల్సిన పని లేదు. సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టకుండా, పేరు చెప్పమని బలవంతం చేయకుండా 134ఎ సెక్షన్ కాపాడుతుంది. పడినవాడు తాగి ఉన్నట్టు వాసన వస్తున్నా మత్తుగా ఉన్నాడని వదిలేయకండి. తలకు దెబ్బ తగిలినవాడు కూడా మత్తులో ఉన్నట్టే కనిపిస్తాడు. మెడ కదపకుండా, వాంతి వస్తే ఊపిరాడేలా మెడా నడుమూ వంకర పోకుండా ఒంటినంతా ఒకేసారి పక్కకు తిప్పి, అంబులెన్సు వచ్చేదాకా దగ్గరే ఉండాలి. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందించాలి. పథకంలో ఉన్న ఆసుపత్రిలో ఎవరైనా ముందు డబ్బు కట్టమంటే ఈ మాట గుర్తుచేయండి.